అసాంఘికులు ఎవరు? రాత్రి తిండి, లైసెన్సు, ఒక లండన్ హోటల్ చరిత్ర

(‘రాత్రి ఎవరిది?’ వరుసలో నాలుగో భాగం. కొంచెం పొడుగు. నింపాదిగా చదవండి. చదివి మీ హాస్టల్ గ్రూపుల్లో చర్చ పెట్టండి.)



మా హాస్టల్‌లో చదువుకుని ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఎమ్మెస్సీ చేస్తున్న ఒక తమ్ముడు ఈ మధ్య ఫోన్ చేశాడు. ఫీజు అప్పు తీర్చడానికి సాయంత్రాలు ఒక చికెన్ షాపులో పనిచేస్తున్నాడు. మాటల మధ్యలో అన్నాడు: "అన్నా, ఇక్కడ ఒక విచిత్రం ఉంది. మా షాపుల రాత్రి పదకొండు కొట్టంగనే వేడి సరుకంతా బంద్. కూల్‌డ్రింకు అమ్మొచ్చు, చల్లటి శాండ్‌విచ్ అమ్మొచ్చు. లైసెన్సు లేకుండ ఒక్క కప్పు వేడి చాయ్ అమ్మితే మాత్రం కేసంట. చాయ్‌ల ఏముందన్నా?"

ముందు నవ్వాను. తర్వాత ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. నిజమే, చాయ్‌లో ఏముంది? ఈ భాగం ఆ తమ్ముడికి నా జవాబు.

ముందు చట్టం ఏం చెబుతుందో చూద్దాం. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2003 లైసెన్సింగ్ చట్టం 2005 నవంబర్ 24 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం రాత్రి 11 నుంచి తెల్లవారుజాము 5 వరకు జనానికి వేడి తిండి గానీ, వేడి పానీయం గానీ అమ్మాలంటే లైసెన్సు ఉండాలి. వేడి అంటే చుట్టూ ఉన్న గాలి కంటే ఎక్కువ వేడి. ఆ లైసెన్సు ఇచ్చేది స్థానిక కౌన్సిల్, అంటే మన మున్సిపాలిటీ లాంటిది. దరఖాస్తు మీద ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ఇవ్వాల్సిందే. పోలీసులో, చుట్టుపక్కల ఇళ్లవాళ్లో అభ్యంతరం చెబితే కౌన్సిలర్ల కమిటీ ముందు విచారణ జరుగుతుంది. కమిటీ చూడాల్సినవి నాలుగు: నేరాలు, అల్లర్లు జరగకుండా చూడటం, జనం భద్రత, న్యూసెన్స్ లేకుండా చూడటం, పిల్లలకు హాని జరగకుండా చూడటం.

వినడానికి న్యాయంగానే ఉంది. పబ్బులు మూసేశాక తాగినవాళ్లంతా తిండి కోసం ఒకే చోటికి చేరతారు. కేకలు, కొట్లాటలు, రోడ్డంతా చెత్త. ఆ షాపు పైన మూడో అంతస్తులో ఉండేది కూడా పొద్దున ఐదింటికి పనికి వెళ్లాల్సిన పేదవాడే. వాడి నిద్ర నిద్ర కాదా? ఈ మాట మరిచిపోకండి, చివర్లో మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

కానీ చట్టాలు ఆకాశం నుంచి ఊడిపడవు. ఈ చట్టం వెనక దాదాపు రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది. అందులో తిండి గురించి తక్కువ, తినేవాళ్ల గురించి ఎక్కువ.

పందొమ్మిదో శతాబ్దం లండన్‌కు వెళ్దాం. హెన్రీ మేహ్యూ అనే పత్రికా రచయిత ఆ నగరపు పేదల బతుకుల మీద 1851లో పెద్ద గ్రంథం తెచ్చాడు. వీధి మూలల్లో కాఫీ బండ్లు పెట్టుకునేవాళ్ల గురించి అందులో వివరంగా రాశాడు. కొన్ని బండ్లు అర్ధరాత్రి వచ్చేవి. వాటి గిరాకీ రాత్రి తిరిగే మగవాళ్లు, ఒళ్లమ్ముకుని బతికే ఆడవాళ్లు. ఇంకొన్ని తెల్లవారుజామున మూడు నాలుగింటికి వచ్చేవి. వాటి గిరాకీ పనికి పోయే కూలీలు. ఇంట్లో పొయ్యి లేనివాడికి, ఉన్నా వెలిగించుకునే తీరిక లేనివాడికి ఆ బండే వంటిల్లు. వేడి గ్లాసు చేత్తో పట్టుకుని నాలుగు నిమిషాలు నిలబడటమే వాడికి దొరికే విశ్రాంతి.

రాజ్యానికి ఆ నాలుగు నిమిషాలు నచ్చలేదు. 1839 మెట్రోపాలిటన్ పోలీసు చట్టం ఏమన్నదంటే, తినుబండారాలు అమ్మే చోట యజమాని తాగుడునీ అల్లరినీ సహించినా, వేశ్యల్నీ, చెడ్డపేరున్న మనుషుల్నీ తెలిసి కూడా అక్కడ చేరనిచ్చినా జరిమానా కట్టాలి. ఆ మనుషులు అక్కడ ఏదైనా నేరం చేయాలని లేదు. చేరి కూర్చుంటే చాలు. అన్నం పెట్టేవాడు ఎదుటివాడి ఆకలి చూడాలా, వాడి గుణగణాలు చూడాలా? చూడాల్సింది గుణగణాలే అని చట్టం చెప్పింది. హోటల్ యజమానిని జీతం లేని పోలీసుగా మార్చింది.

1860లో గ్లాడ్‌స్టన్ ఆర్థిక మంత్రిగా ఉండగా రిఫ్రెష్‌మెంట్ హౌసుల చట్టం వచ్చింది. అదే సంవత్సరం ఫ్రాన్స్‌తో వ్యాపార ఒప్పందం కుదిరి వైన్ మీద సుంకం తగ్గింది. మర్యాదస్తులు భోజనంతో పాటు వైన్ తాగే ఏర్పాటు ఈ చట్టం చేసింది. అదే చట్టం రాత్రిపూట తెరిచి ఉండే తిండి దుకాణాలకు లైసెన్సు తప్పనిసరి చేసింది. వేశ్యలు, దొంగలు, తాగి అల్లరి చేసేవాళ్లు తెలిసి కూడా చేరనిస్తే శిక్ష అంది. నాలుగేళ్లకు, 1864లో, లండన్‌లో ఇలాంటి చోట్లు రాత్రి ఒంటి గంట నుంచి నాలుగింటి దాకా మూసెయ్యాలని ఇంకో చట్టం తెచ్చారు. గమనించండి, పెద్దమనుషుల క్లబ్బుల్లో రాత్రంతా తాగితే అది వాళ్ల సొంత వ్యవహారం.

ఇక అసలు కథకు వస్తున్నాను. 1969లో పాత నిబంధనలన్నీ ఒకచోట చేర్చి లేట్ నైట్ రిఫ్రెష్‌మెంట్ హౌసుల చట్టం చేశారు. రాత్రి 10 నుంచి తెల్లవారుజాము 5 వరకు తెరిచి ఉండే తిండి చోట్లకు లైసెన్సు ఇచ్చే అధికారం స్థానిక కౌన్సిళ్లది. ఇరుగుపొరుగుకు ఇబ్బంది అనిపిస్తే రాత్రి 11 తర్వాత తెరవకూడదని షరతు పెట్టే అధికారం కూడా ఇచ్చారు. ఆ అధికారం ఎవరి మెడకు చుట్టుకుందో చూడండి.

లండన్‌లో నాటింగ్ హిల్ అనే ప్రాంతం ఉంది. ఇప్పుడు కోటీశ్వరుల ఇళ్లు. అప్పట్లో మురికివాడ. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కరీబియన్ దీవుల నుంచి వచ్చిన నల్లజాతి కార్మికులు అక్కడే ఉండేవాళ్లు, ఎందుకంటే వేరేచోట ఇల్లు అద్దెకివ్వరు. పబ్బుకు వెళితే గ్లాసు ఇవ్వరు. 1958లో తెల్ల గుంపులు వాళ్ల ఇళ్ల మీద పడ్డాయి. 1959లో కెల్సో కొక్రేన్ అనే నల్లజాతి కార్మికుణ్ణి నడివీధిలో పొడిచి చంపారు. హోటళ్లలో, పబ్బుల్లో రంగు చూసి వెళ్లగొట్టడం తప్పని చెప్పడానికి ఆ దేశం 1965 దాకా ఆగింది. రెండు గ్లాసుల పద్ధతి చూసిన మనకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

ట్రినిడాడ్ నుంచి వచ్చిన ఫ్రాంక్ క్రిచ్‌లో అనే ఆయన 1968లో ఆ ప్రాంతంలోని ఆల్ సెయింట్స్ రోడ్డులో మాంగ్రోవ్ అనే హోటల్ పెట్టాడు. కరీబియన్ వంటలు, రాత్రి పొద్దుపోయేదాకా తెరిచి ఉండేది. డ్యూటీ దిగినవాళ్లు, నిద్ర పట్టనివాళ్లు, ఒంటరివాళ్లు అక్కడికే వచ్చేవాళ్లు. ఉద్యోగం దొరకనివాడికి సలహా, పోలీసులు పట్టుకుపోయినవాడికి వకీలు అక్కడే దొరికేది. సి.ఎల్.ఆర్. జేమ్స్ లాంటి చరిత్రకారుడు అక్కడ కూర్చునేవాడు. నీనా సిమోన్, బాబ్ మార్లే లాంటి గాయకులు వచ్చి తినేవాళ్లు. మనకు అంబేడ్కర్ భవన్‌లు ఎలాంటివో వాళ్లకు మాంగ్రోవ్ అలాంటిది. అదనంగా అన్నం కూడా దొరికేది.

1969 జనవరి నుంచి 1970 జూలై మధ్య పోలీసులు ఆ హోటల్ మీద 12 సార్లు దాడి చేశారు. మత్తుమందుల కోసం అన్నారు. ఏమీ దొరకలేదు. దొరకకపోతే ఊరుకుంటారా? లైసెన్సు ఉంది కదా. పోలీసులు అభ్యంతరం చెప్పారు, కౌన్సిల్ రాత్రంతా నడిపే లైసెన్సు తీసేసింది. ఇక రాత్రి 11 తర్వాత ఎవరికైనా అన్నం వడ్డిస్తే అది నేరం. సోదాల్లో సాధించలేనిది ఒక్క కాగితంతో సాధించారు. ఎందుకు తీసేశారంటే, అక్కడికి వచ్చేవాళ్లు మంచివాళ్లు కారన్నదే. తర్వాత జరిగిన కేసులో ఒక కానిస్టేబుల్ కోర్టు బోనెక్కి, ఆ హోటల్ నేరస్థుల, వేశ్యల అడ్డా అనే అర్థం వచ్చేలా చెప్పాడు. 1839 చట్టంలో రాసిన మాటలే, 130 ఏళ్ల తర్వాత, ఈసారి నల్లవాళ్ల మీద.

క్రిచ్‌లో ఊరుకోలేదు. జాతి వివక్ష మీద ఫిర్యాదులు వినే బోర్డుకు ఫిర్యాదు చేశాడు. జవాబుదారీ ఎక్కడా దొరకలేదు. అప్పుడు డార్కస్ హౌ లాంటి యువకులు, బ్రిటిష్ బ్లాక్ పాంథర్స్ నాయకురాలు, లండన్‌లో పరిశోధక విద్యార్థిని అయిన ఆల్థియా జోన్స్ లెకాయింట్ కలిసి వీధికెక్కుదామన్నారు. 1970 ఆగస్టు 9న సుమారు 150 మంది ఊరేగింపుగా స్థానిక పోలీసు స్టేషన్ల వైపు నడిచారు. వాళ్ల చుట్టూ వందల మంది పోలీసులు. దారిలో కొట్లాట జరిగింది, అరెస్టులు జరిగాయి. అల్లరికి ప్రేరేపించారన్న అభియోగాన్ని కింది కోర్టు మెజిస్ట్రేట్ కొట్టేశాడు. ప్రభుత్వ ప్రాసిక్యూషన్ దాన్ని మళ్లీ లేపి తొమ్మిది మంది మీద పెట్టింది. మాంగ్రోవ్ నైన్ అని చరిత్రలో వాళ్ల పేరు.

1971 అక్టోబర్‌లో ఓల్డ్ బెయిలీ కోర్టులో విచారణ మొదలైంది. మొత్తం 55 రోజులు. డార్కస్ హౌ, ఆల్థియా ఇద్దరూ వకీళ్లను వద్దని తమ కేసు తామే వాదించుకున్నారు. మా తోటివాళ్లే మమ్మల్ని విచారించాలి, జ్యూరీ అంతా నల్లవాళ్లే ఉండాలి అని మాగ్నా కార్టా చూపించి అడిగారు. జడ్జి ఒప్పుకోలేదు. అయితే ముద్దాయిలు తమకున్న హక్కు వాడి 63 మంది జ్యూరర్లను తిరస్కరించారు. చివరికి పన్నెండు మందిలో ఇద్దరు నల్లవాళ్లు కూర్చున్నారు. అల్లరికి ప్రేరేపించారన్న ప్రధాన అభియోగం తొమ్మిది మంది మీదా వీగిపోయింది. ఐదుగురు అన్ని అభియోగాల నుంచీ బయటపడ్డారు. మిగతా నలుగురికి చిన్న నేరాల కింద పడిన జైలు శిక్షలు కూడా అమలు చేయకుండా నిలిపేశారు. జడ్జి ఎడ్వర్డ్ క్లార్క్ తీర్పు వేళ జాతి ద్వేషం రెండు వైపులా కనిపించిందని అన్నాడు. రెండు వైపులా అనడం సగం నిజమే. అయినా లండన్ పోలీసుల్లో జాతి ద్వేషం ఉందని ఒక జడ్జి నోట రావడం అదే మొదలు. ఆ మాట వెనక్కి తీసుకునేలా చేయాలని పోలీసు పెద్దలు ప్రయత్నించారు. ఆయన తీసుకోలేదు.

ఆ తీర్పు వచ్చిన మరుసటి ఏడాది, 1972లో, బొంబాయిలో నామ్‌దేవ్ ధసాల్, జె.వి. పవార్, రాజా ఢాలే లాంటివాళ్లు దళిత్ పాంథర్స్ పెట్టారు. పేరు అమెరికా బ్లాక్ పాంథర్స్ నుంచి తీసుకున్నది. లండన్ పాంథర్స్ పేరు కూడా అక్కడిదే. ఒకే తల్లికి పుట్టిన రెండు ఉద్యమాలు. అందుకే మాంగ్రోవ్ కథ నాకు పరాయి కథ అనిపించదు.

కథ అక్కడితో అయిపోలేదు. 1988లో మళ్లీ మాంగ్రోవ్ మీద దాడి, క్రిచ్‌లో మీద మత్తుమందుల కేసు. కోర్టు ఆయన్ని నిర్దోషి అంది. 1992లో పోలీసులు ఆయనకు 50,000 పౌండ్ల పరిహారం చెల్లించాల్సి వచ్చింది. కానీ అప్పటికి హోటల్ చితికిపోయింది. గెలిచిన కేసు పోయిన గిరాకీని తిరిగి తీసుకురాదు.

ఈలోగా చట్టాల భాష మారింది. 1998లో అసాంఘిక ప్రవర్తనను అడ్డుకునే ఉత్తర్వులు తెచ్చారు. ఎదుటివారికి వేధింపు, భయం, బాధ కలిగించే అవకాశం ఉంటే చాలు, కోర్టు ఆంక్షలు పెట్టొచ్చు. ఆ ఆంక్షను దాటితే జైలు. 2014లో వాటి స్థానంలో కొత్త ఉత్తర్వులు వచ్చాయి. ఒక వీధినో పార్కునో మొత్తంగా ఆంక్షల కిందికి తెచ్చే అధికారం కౌన్సిళ్లకు దక్కింది. వేశ్యలు, దొంగలు అనే పాత మాటలు పోయాయి. అసాంఘికం అనే కొత్త మాట వచ్చింది.

ఇక ఆ తమ్ముడికి నేరుగా తగిలే విషయం. 2016 వలస చట్టం ద్వారా లైసెన్సింగ్ చట్టాన్ని సవరించారు. 2017 ఏప్రిల్ నుంచి రాత్రి వేడి తిండి అమ్మే లైసెన్సు అడిగేవాడు తనకు ఆ దేశంలో పనిచేసే హక్కు ఉందని చూపించాలి. లైసెన్సుల మీద అభ్యంతరం చెప్పే అధికారుల జాబితాలో హోం ఆఫీసు కూడా చేరింది. ఆ వ్యాపారానికి సంబంధించి వలస చట్టాల ఉల్లంఘన జరుగుతోందా అని చూడటానికి ఇమిగ్రేషన్ అధికారులు రాత్రి తిండి షాపుల్లోకి ప్రవేశించొచ్చు. కేకలు, చెత్త ఆపడానికి అని పెట్టిన లైసెన్సు, గల్లాపెట్టె వెనక నిలబడ్డ కుర్రాడి వీసా వెతికే తలుపు అయింది. తమ్ముడూ, చాయ్‌లో ఏముందని అడిగావు కదా. ఇదుంది.

ఇప్పుడు మన నేల మీదికి వద్దాం.

చెడ్డపేరున్న మనుషులు అనే మాట మనకు కొత్తా? ఇదే బ్రిటిష్ రాజ్యం 1871లో నేరస్థ జాతుల చట్టం చేసింది. 1911లో దాన్ని మద్రాస్ ప్రెసిడెన్సీకి విస్తరించింది. ఎరుకలవాళ్లను పుట్టుకతోనే దొంగలన్నారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అలా పుట్టిన సెటిల్‌మెంటే. రిజిస్టరులో పేరున్నవాళ్లు హాజరు వేయించుకోవాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. రాత్రి బయట కనిపిస్తే అదే నేరం. లండన్‌లో హోటల్లో కూర్చుంటే చెడ్డవాడు, ఇక్కడ తల్లి కడుపున పుడితేనే చెడ్డవాడు. 1952లో చట్టం పోయింది. చూపు పోలేదు. స్టేషన్లలో రౌడీషీట్లు అలాగే ఉన్నాయి. హైదరాబాద్ పోలీసుల చేతిలో ఉన్న నగర పోలీసు చట్టం పేరులోనే ఇప్పటికీ 1348 ఫస్లీ అని ఉంటుంది, నిజాం కాలపుది.

మా చిన్నమ్మ సంగతి చెప్పాలి. మా జిల్లా కేంద్రంలో బస్టాండ్ ఎదురుగా తోపుడుబండి మీద జొన్నరొట్టె, బోటీ కూర, ఉడకబెట్టిన గుడ్లు అమ్మేది. నేను డిగ్రీ చదివే రోజుల్లో సెలవులకు వెళితే బండి దగ్గరే ఉండేవాణ్ణి. అసలు గిరాకీ రాత్రి పదిన్నర తర్వాతే. ఆఖరి బస్సు దిగే కూలీలు, హమాలీలు, ఆస్పత్రిలో రోగుల దగ్గర ఉండేవాళ్లు, ఆటో డ్రైవర్లు. ఒక రాత్రి జీపు ఆగింది. దిగిన సారు చిన్నమ్మతో అన్నాడు: "ఏయ్, నీ బండి కాడ తాగుబోతులు, లంగలు జమైతున్రు. పదిన్నరకు బంద్ చెయ్యాలె." చిన్నమ్మ చేతులు జోడించి, "సారూ, బస్సు దిగినోళ్లు సారూ, పొద్దంత తినలేదు వాళ్లు" అంది. లాఠీతో కూర గిన్నె మీద కొట్టాడు. కూర కింద పోలేదు, మూత పోయింది. నాకు ఆ చప్పుడు ఇప్పటికీ వినిపిస్తుంది. వంద గజాల అవతల బార్ అండ్ రెస్టారెంట్ లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. తాగినవాళ్లు తయారయ్యేది అక్కడ. అసాంఘికం అయింది మాత్రం మా బండి.

మర్నాడు ఒక పేపర్లో చిన్న వార్త: బస్టాండ్ ప్రాంతంలో అసాంఘిక శక్తుల అడ్డాల మీద పోలీసుల కొరడా. అడ్డా అంటే మా చిన్నమ్మ. కొరడా నిజమే.

అప్పుడు మాకు తెలియనిది ఇప్పటి విద్యార్థులు తెలుసుకోవాలి. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. సర్టిఫికెట్ ఉండి, దాని షరతుల ప్రకారం వ్యాపారం చేసుకునేవాళ్లను పోలీసులు గానీ మరెవరు గానీ అడ్డుకోకూడదని 27వ సెక్షన్ చెబుతుంది. బండి తీయించాలన్నా, వేరే చోటికి మార్చాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. ఏ వీధిలో, ఏ వేళల్లో, ఎంతమంది అన్నది తేల్చడంలో పట్టణ వెండింగ్ కమిటీకి మాట ఉంది. ఆ కమిటీలో కనీసం 40 శాతం వీధి వ్యాపారులు ఎన్నుకున్న ప్రతినిధులు ఉండాలి. వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు, వికలాంగులకు ప్రాతినిధ్యం ఇవ్వాలి. లండన్ కౌన్సిల్ కమిటీలో క్రిచ్‌లోకు దొరకని కుర్చీ, మన చట్టంలో మా చిన్నమ్మలాంటివాళ్లకు రాసి ఉంది. మీ పట్టణంలో ఆ కమిటీ ఉందా? ఉంటే ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నారు?

ఇంకో సెక్షన్ కూడా గుర్తుపెట్టుకోండి. 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం ప్రకారం అంటరానితనం పాటించి సరుకు అమ్మనన్నా, సేవ చేయనన్నా నేరం. అది రుజువైతే, ఆ వ్యాపారానికి ఉన్న లైసెన్సును రద్దు చేసే, నిలిపేసే అధికారం 8వ సెక్షన్ కోర్టుకిచ్చింది. అంటే లైసెన్సు అనే ఆయుధానికి ఇంకో వైపు కూడా పదునుంది. ఎవరు చేరుతున్నారని కాకుండా, ఎవర్ని చేరనివ్వడం లేదని కూడా అది అడగగలదు. మనిషిని మనిషిగా చూడని హోటల్‌ని మించిన అసాంఘికం ఏముంది? ఆ సెక్షన్ వాడమని పట్టుబట్టాల్సింది మనమే.

మొదట్లో నిద్ర గురించి అన్నాను. మూడో అంతస్తులో పేదవాడి నిద్రా నిజమే, బస్సు దిగినవాడి ఆకలీ నిజమే. రెండింటి మధ్య వేళలు, చోటు, చెత్తకుండీ, వెలుతురు లెక్క కుదర్చడానికి ఒక నియమం ఉండాలి. నియమమే వద్దనడం నా వాదన కాదు. ఫలానా రాత్రి ఫలానా గొడవ జరిగిందని సాక్ష్యం చూపండి, బండివాళ్లను కూర్చోబెట్టి వినండి, పక్కనున్న బార్‌ని కూడా అదే కొలతతో కొలవండి అంటున్నాను. గొడవ చూపించలేక మనుషుల్ని చూపిస్తే, అక్కడ నియమం అయిపోయి కులం మొదలైనట్టు లెక్క.

క్రిచ్‌లో 2010లో చనిపోయాడు. మా చిన్నమ్మ బండి పదేళ్ల కిందటే తీసేసింది. మోకాళ్లు సహకరించలేదు. మొన్న ఊరికెళ్లినప్పుడు ఈ లండన్ కథ చెప్పాను. అంతా విని ఒకటే అడిగింది: "గంత పెద్ద కోర్టుల వాళ్ల కేసు వాళ్లే చెప్పుకున్నరా?" అవునన్నాను. "మంచిగ చేసిన్రు" అంది.

మీకో పని. మీ పట్టణంలో రాత్రి పది తర్వాత తిండి అమ్మేవాళ్లలో ఐదుగురితో మాట్లాడండి. సర్టిఫికెట్ ఉందా, నోటీసు ఎప్పుడైనా ఇచ్చారా, వెండింగ్ కమిటీ పేరు విన్నారా అని అడగండి. పేర్లు, ఫోటోలు పెట్టొద్దు, వాళ్లకే ఇబ్బంది. విన్నది మాత్రం కింద రాయండి. వచ్చే భాగం వాటి మీదే రాస్తాను.

జై భీమ్.